మొదటి ముద్ద

మా కతోలికుల భాషలో ఒక గురువుగారి కింద ఉండే ఊళ్ళన్నిటినీ కలిపి విచారణ అంటారు. కచేరీలో జరిగే విచారణకీ దీనికీ సంబంధం లేదని కొత్తవాళ్ళకి నేను ముందే చెప్పేస్తాను. లేకపోతే సాక్ష్యం చెప్పాల్సి వస్తుందని భయపడి పారిపోతారు. మా విచారణ సాలూరులో మొదలై, పాచిపెంట దాటి, కొండలెక్కి, అటు అరకు లోయ అంచుదాకా పోయేది. అంత విచారణకీ గురువు ఒక్కరు, గుర్రం ఒక్కటి. ఇద్దరికీ వయసు మళ్ళింది, ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు. అందుచేత మా విచారణలో విచారం ఎక్కువ, రణం తక్కువ.

ఆ కొండల మీద కొర్రగుడ అనే గూడెంలో నన్ను ఉపదేశిగా వేశారు. కింద ఊళ్ళల్లో కుర్రాళ్ళంతా స్వదేశీ అంటూ తిరుగుతున్న రోజులు. మా ఫాదరుగారేమో పరదేశి. ఇద్దరి మధ్యా ఎటూ కాకుండా నేను ఉపదేశిని. పిల్లలకి అక్షరాలు, పెద్దలకి జపాలు, చచ్చేవాళ్ళకి జ్ఞానస్నానం, బతికేవాళ్ళకి క్వినైను, ఇదీ నా ఉద్యోగం. నా పేరు దైవాధీనం. ఏజెన్సీ జ్వరాల సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా పేరడిగితే, నేను దైవాధీనం అనగానే, ప్రాణం సంగతి కాదయ్యా, పేరు చెప్పు అనేవాళ్ళు. ఇంట్లో మటుకు ఏదీ దైవాధీనం కాదు. అంతా మా ఆవిడ తెరిసమ్మ ఆధీనం.

తెరిసమ్మకి కొండ పడలేదు. చలి పడలేదు, చెమ్మ పడలేదు, సంతకి పోవాలంటే ఒక పూట నడవడం పడలేదు. ఈస్టరు పండగ కాగానే పార్వతీపురం బడికి మార్పించుకుంటానని జపమాల చేతిలో పెట్టి నాచేత ఒట్టు వేయించింది. అంతటితో ఊరుకోలేదు. పండగకి ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలైన రోజే పెట్టె సర్దేసి, మాట తప్పితే అందులో బట్టలు తీసి మిమ్మల్ని సర్దుతాను అంది. నా ఒళ్ళు చూసుకుని, ఆ పెట్టెలో సగం నేనే పడతానే అన్నాను. సగం చాలు, మాట్లాడే సగం ఇక్కడే వదిలేస్తాను అంది.

పందొమ్మిది వందల ఇరవై ఆరో సంవత్సరం మాట ఇది. ఆ తపస్సుకాలంలోనే కనక సంగతి వచ్చింది.

కనక సోంబరు పెళ్ళాం. సోంబరు మా దగ్గర జ్ఞానస్నానం పొంది ఫిలిప్పు అయ్యాడు గాని, ఫిలిప్పూ అని పిలిస్తే పక్కవాణ్ణి చూసేవాడు. కనక ఇంకా స్నానం పుచ్చుకోలేదు. కడుపుతో ఉంది, కన్నాక చూద్దాం అంది. ఆడపిల్లని కన్నది. ఆ గుంట ఇంకా పాలు తాగుతుండగానే, పోడు కొడుతుంటే గొడ్డలి జారి కనక పాదానికి తగిలింది. పుండు పడింది. పుండులో పురుగు పడింది.

పుండు పడితే జబ్బు. పుండులో పురుగు పడితే మాత్రం ఆ గూడెంలో అది తప్పు. పురుగులు పట్టేది చచ్చినవాళ్ళకి గాని బతికున్నవాళ్ళకి కాదనీ, బతికుండగా పట్టాయంటే ఆ మనిషి అటువైపు లెక్కలోకి పోయినట్టేననీ వాళ్ళ నమ్మకం. అలాంటి మనిషి వాగు దాటి పోయి, పోడు చేను దగ్గరి కాపలా పాకలో ఉండాలి. ఇంటివాళ్ళు దూరం నుంచి కూడు పెట్టవచ్చు, ముట్టుకోకూడదు. పాలు తాగే పిల్ల కూడా ముట్టుకోకూడదు.

పుండు మానితే తిరిగి కలుపుకునే పద్ధతి ఉంది. వాగు ఒడ్డున కాళ్ళు కడుగుతారు. ఆ మనిషి తన చేత్తో వండిన చోడి ముద్ద, అదే రాగి ముద్ద, ఒకరి నోట్లో పెడుతుంది. వాళ్ళు దాన్ని మింగితే తప్పు వాళ్ళ కడుపులోకి పోతుంది, మనిషి ఊళ్ళోకి వస్తుంది. ఆ మొదటి ముద్ద తినే పని తాతలనాటి నుంచి ఒకే ఇంటివాళ్ళది. వాళ్ళకి అది అరిగిపోతుందట. వేరే ఎవరు తిన్నా అరగదు, ఆ ఇంటిని పట్టుకుంటుంది. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంటి మనుషుల్నీ నీళ్ళనీ నిప్పునీ ముట్టరు. అది వదలాలంటే ఆ ఇంటివాళ్ళ చేతి ముద్ద మళ్ళీ ఇంకొకరు తినాలి. అలా చేతులు మారడమే గాని తీరడమన్నది లేదు.

వచ్చిన చిక్కల్లా, ఆ అరిగించుకునే ఇంట్లో ఆఖరివాడు కిందటి వానాకాలం జ్వరంలో పోయాడు. పిల్లల్లేరు. కనక పుండు మానింది. తెరిసమ్మే వాగు దాటి రోజూ కట్టు కట్టి మాన్పించింది. కింద నుంచి వచ్చినవాళ్ళం కదా, మందు వేరు కూడు వేరు అని గూడెంవాళ్ళు చూసీచూడనట్టు ఊరుకున్నారు. కనకని అందరూ రమ్మంటున్నారు. అత్త యర్రమ్మ రమ్మంటోంది, ఊరిపెద్ద బుధు నాయుడు రమ్మంటున్నాడు. ముద్ద తినే ఉద్యోగం ఒక్కటే ఖాళీగా ఉంది. దరఖాస్తు పెట్టేవాడు లేడు.

రోజూ పొద్దు వాలే వేళకి యర్రమ్మ మనవరాల్ని ఎత్తుకుని వాగు ఇవతలి ఒడ్డుకి వచ్చేది, తల్లి చూసుకుంటుందని. పిల్ల తల్లిని చూసి ఏడ్చేది. ఆ ఏడుపు వినపడగానే అవతలి ఒడ్డున కనకకి రవిక తడిసిపోయేది. అటు తిరిగి కూర్చుని పాలు బండ మీద పిండేసుకునేది. పిల్ల అంబలి తాగలేక చిక్కి, మెడ నిలపలేకుండా అయింది. ఒకరోజు తెరిసమ్మ కట్టు సామాను పట్టుకుని ఇంటికి వచ్చి, ఆ బండ మీద చీమలు పట్టాయండీ అంది. అంతకన్న ఏమీ అనలేదు. ఆ పూట నేను కూడా ఏమీ అనలేదు. నాకది పెద్ద ఉపవాసం.

పండగ వారంలో అంతోని ఫాదరుగారు గుర్రం మీద వచ్చారు. ఆయన తన దేశంలో కూడా కొండల్లోనే పుట్టారట. అందుకే మా కొండ ఆయనకి అలవాటే గాని, మా తెలుగే అలవాటు కాలేదు. వచ్చిన కొత్తలో ఎవరో ముసలి పంతులు దగ్గర నేర్చుకున్నారు. ఆ పంతులు పద్యం తప్ప మాట్లాడి ఉండడు. కాఫీ కావాలన్నా ఫాదరుగారు "కించిత్ ఉష్ణపానీయము లభించునా?" అనేవారు. ఆయన తెలుగుని నేను మళ్ళీ తెలుగులోకి మార్చి చెప్పాల్సి వచ్చేది.

గురువారం సాయంకాలం గడ్డి కప్పిన మా గుడిలో, స్వామి తన శిష్యుల కాళ్ళు కడిగినదానికి గుర్తుగా, పాదాలు కడిగే సేవ జరిగింది. పన్నెండుమంది మగవాళ్ళు కావాలి. మా జ్ఞానస్నానాల్లో అంతమంది మగాళ్ళు తేలక పక్క గూడెం నుంచి ఇద్దర్ని అరువు తెచ్చాను. అందర్నీ బల్ల మీద కూర్చోబెడితే ఫాదరుగారు నడుముకి తువ్వాలు కట్టుకుని, ఆ నొప్పి మోకాళ్ళ మీద ఒకరి దగ్గర్నుంచి ఒకరి దగ్గరికి జరుగుతూ, పోడు మసి పట్టిన పాదాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టారు. గుడిలో నిశ్శబ్దం. ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందా అని నేను మురిసిపోయాను.

తీరా సేవ అయ్యాక గుడి బయట గోల మొదలైంది. ఆడవాళ్ళు మొగుళ్ళని చుట్టేశారు. ఏం తప్పు చేశావో చెప్పమని. ఆ గూడెంలో పెద్దమనిషి ఇంకొకడి కాళ్ళు కడిగితే దానికి ఒక్కటే అర్థం, వాడు వెలి పడ్డవాడు, వాణ్ణి కలుపుకుంటున్నారని. పన్నెండుమంది ఒక్కసారే ఏం వెలగబెట్టారా అని గూడెమంతా ఆరా. అరువు తెచ్చిన ఇద్దరిలో ఒకడు కంగారులో నిజంగానే ఏదో ఒప్పేసుకున్నాడు. దాన్ని సర్దడానికి నాకు బోలెడంత సేపు పట్టింది.

ఈ పొరపాటులోంచే సోంబరుకి ఆశ పుట్టింది. ఫాదరుగారు నా వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"దొరా, ఇంతమంది కాళ్ళు కడిగినావు. మా ఇంటిదాని ముద్దొకటి తినేయి. నీకేటి, ఎల్లుండో ఆపైనో కొండ దిగిపోతావు. నీతో అదీ దిగిపోద్ది. మా గుంట బతుకుద్ది."

ఫాదరుగారు చాపిన కాళ్ళు నెమ్మదిగా దగ్గరికి లాక్కున్నారు. తరవాత, "నేను భుజించిన యెడల ఆమెయందు దోషము కలదని నేనును ఒప్పుకొనినట్లగును. ఆమెయందు దోషము లేదు. పురుగు పురుగు మాత్రమే" అన్నారు.

సోంబరు నావైపు తిరిగాడు. "దొర ఏటంటన్నాడు, మేష్టరు బాబూ?"

"తినరట" అన్నాను.

ఆయన రాయి కాదు. ఆ మోకాళ్ళతోనే వాగు దాకా నడిచి వెళ్ళి, అవతల ఉన్న కనకని ఆశీర్వదించి వచ్చారు. తరవాత బుధు నాయుణ్ణి పిలిపించి, ఇందులో పాపం ఏమీ లేదు, ఈగ వాలితే పురుగు పడుతుంది, తల్లిని పిల్ల దగ్గరికి రానివ్వండి అని నాచేత గంటసేపు చెప్పించారు. నాయుడు ప్రతి మాటకీ తలూపాడు. నిజమే దొరా, నిజమే దొరా అన్నాడు. మనసులో కూడా కాదనలేదు, నాకు తెలుసు. అంతా విని లేస్తూ, "నువ్వన్నదంతా నిజమే. మరి ముద్దెవులు తింతారు?" అన్నాడు.

మర్నాడు శుక్రవారం, స్వామిని సిలువ వేసిన రోజు. పొద్దున్నే సిలువ మార్గం. గూడెం వెనక కొండవాలు మీద వెదురు సిలువలు పాతించి ఉంచాను. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, మోకరించి, పాట పాడుకుంటూ పైకి పోవాలి. ఉపవాసం రోజు. తెరిసమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, ఆ రోజు ఉమ్మి కూడా మింగడానికి ఆలోచించే మనిషి. నేను ముందు నడుస్తున్నాను, నా వెనక ఫాదరుగారు, ఆయన వెనక గూడెం. స్నానం పొందినవాళ్ళూ పొందనివాళ్ళూ అందరూ వచ్చారు. కొండవాళ్ళకి కొండెక్కే దేవుడంటే ఇష్టం.

సిలువ మోసుకుపోతున్న స్వామిని చూసి ఆడవాళ్ళు ఏడ్చే స్థలం దగ్గర పాట ఎత్తుకోవాల్సింది తెరిసమ్మ. గొంతు వినపడలేదు. తిరిగి చూస్తే ఆడవాళ్ళలో లేదు. అప్పుడు యర్రమ్మ కిందికి చూస్తోందని గమనించాను. ఒకరి తరవాత ఒకరం అందరం చూశాం. అక్కణ్ణించి వాగూ, అవతలి ఒడ్డూ, కాపలా పాకా అరచేతిలో ఉన్నట్టు కనపడతాయి. తెరిసమ్మ వాగు దాటింది. చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి కనక కాళ్ళు కడిగింది. పాక ముందు నేల మీద కూర్చుంది. కనక కుండలోంచి తీసి ఏదో చేతిలో పట్టుకుని, పెట్టనా వద్దా అన్నట్టు అలాగే నిలబడిపోయింది. తెరిసమ్మ నోరు తెరిచి కూర్చుంది. చాలాసేపు అలా తెరుచుకునే ఉంది.

పాట ఆగిపోవడం విని ఫాదరుగారు తలెత్తారు. కళ్ళు సరిగా ఆనవు ఆయనకి. ఏమి జరుగుచున్నది అని అడిగారు.

"మా ఆవిడ భోంచేస్తోందండీ" అన్నాను.

యర్రమ్మ మనవరాల్ని చంకన వేసుకుని వరసలోంచి బయటికి వచ్చి, కొండ దిగడం మొదలుపెట్టింది. పరిగెత్తలేదు. కనక వాగులో సగం దూరం ఎదురొచ్చింది. ఆ తరవాత ఏమైందో నేను చూడలేదు. పాట నేనే ఎత్తుకుని తరవాతి స్థలానికి నడిచాను. స్వామి మూడోసారి బోర్లా పడే స్థలం అది. ఫాదరుగారు అక్కడ మోకరించి, లేవడానికి చాలాసేపు పట్టింది.

ఆదివారం పండగ పూజకి గూడెమంతా వచ్చింది. గుడి మా ఇల్లు కాదు కాబట్టి గుడికి అంటు లేదు. కాని తెరిసమ్మ కూర్చున్న చాప చుట్టూ మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉండిపోయింది. మాకెవరికీ కోపం లేదమ్మా అన్నట్టు అందరూ దూరం నుంచే నవ్వారు. ఫాదరుగారు తెరిసమ్మని కేకలేస్తారనుకున్నాను, ఉపవాసం చెడగొట్టినందుకో, తను వద్దన్నది చేసినందుకో. ఆయన దిగిపోతూ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏదో లాటిన్‌లో అన్నారు. ఆ ఒక్క భాషా నేను మార్చలేను.

ముద్ద తిన్నది ఆవిడ, ముద్దాయిలం ఇద్దరం. బడి మా వసారాలోనే జరిగేది కాబట్టి పండగ మర్నాటి నుంచే బడి లేదు. పిల్లలు కంచె అవతల నిలబడి, మేష్టరు బాబూ, ఇక్కణ్ణించి సెప్పు, ఇంటాం అనేవాళ్ళు. కొన్నాళ్ళు అలా అరుస్తూ చెప్పాను. నా గొంతు పెద్దదే, కానీ పలక మీద రాసింది కంచె దాటదు. ఊట దగ్గర అందరూ పట్టుకుని పోయాక తెరిసమ్మ నీళ్ళు పట్టుకునేది. నిప్పు ఆరిపోతే రాళ్ళు కొట్టుకోవలసిందే. ఉపవాసం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు, ఊరికి ఉప వాసం చెయ్యడం. పక్కనే ఉంటాం, లోపల ఉండం. ఈ శ్లేష తట్టినప్పుడు చెప్పుకోవడానికి మనిషి దొరక్క మేకకి చెప్పాను. అది నాకేసి చూస్తూ నమిలింది. నాలాంటి వాగుడుకాయకి వినేవాళ్ళు లేకపోవడం క్వినైను కంటే చేదు.

వేసవి అలా పోయింది. మొదటి వానలకి వసారా గోడ కూలింది. కట్టడానికి ఒక్క చెయ్యి సాయం రాలేదు. బుధు నాయుడు కంచె దగ్గరికి వచ్చి, తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని వానలో నిలబడి, మంచిమాటే చెప్పాడు. ఎవులో ఒకలు తిని ఇడిసిపెట్టేదాకా ఇదింతే, ఇక్కడెవులూ తినలేరు, మీరెలాగూ దిగిపోదామనుకున్నోళ్ళేగదా, దిగిపొండి, మీతో పోద్ది అన్నాడు. వెళ్ళేటప్పుడు డోలీ కూడా ఇస్తామన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పార్వతీపురం అంటే ఎదురుగా కనపడింది, పెంకుటిల్లు, బండి రోడ్డు, నా మాటలకి నవ్వే జనం. లోపలికెళ్ళి, పెట్టె సర్దే ఉందిగా అన్నాను.

తెరిసమ్మ పొయ్యి ఊదుతోంది. తల తిప్పలేదు.

"నేను తిన్నది పాపం కాదండీ. సోడి ముద్ద. సోడి ముద్ద తిన్నందుకు ఎందుకు దిగాలి?"

"నువ్వేగా దిగుదాం దిగుదాం అన్నావు."

"అప్పుడు దిగితే దిగడం. ఇప్పుడు దిగితే ఒప్పుకోడం."

నేను గంటసేపు బతిమాలాను, గంటసేపు కసిరాను. మొగుడి మాట వినాలన్నాను. వింటున్నాను కదండీ, అప్పట్నించీ వింటూనే ఉన్నాను అంది. ఫాదరుగారి వాదనే అది, కాకపోతే ఆయన ఆ వాదనతో ముద్ద తినలేదు, ఈవిడ తిని ఆ వాదన చేస్తోంది. ఇద్దరు మొండివాళ్ళ మధ్య నేను మెత్తటివాణ్ణి, తొక్కడానికి వీలుగా ఉన్నాను.

ఒక్క సంగతి. వాన తెరిపిచ్చినప్పుడల్లా ఎదురు గట్టు మీదికి కనక వచ్చేది. పిల్లని రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేది, తెరిసమ్మకి కనపడేలా. ఆ గుంట బాగా ఒళ్ళు చేసింది. కాళ్ళు ఆడించేది. తెరిసమ్మ ఇటు గుమ్మంలో నిలబడి చూసేది. కనక చేతులు లాగేదాకా అలా ఎత్తే ఉంచేది.

జ్వరాల రోజులు వచ్చాయి. తెరిసమ్మ పడింది. చలి వస్తే ఉన్న గుడ్డలన్నీ, సర్దిన పెట్టెలోవి కూడా తీసి కప్పేవాణ్ణి. క్వినైను అయిపోయింది. వండిపెట్టే మనిషి లేదు, నేను వండింది తినే ధైర్యం ఆవిడకి లేదు. మనిషి సగమైంది. ఎవరి ద్వారా కబురు చేరిందో, ఒక మధ్యాన్నం వానలో కేకలు వినపడి బయటికొస్తే, కొర్రగుడ మగవాళ్ళే నలుగురు డోలీ మోసుకొస్తున్నారు. అందులో అంతోని ఫాదరుగారు. ఆయన వానాకాలం ఎప్పుడూ కొండ ఎక్కలేదు. గుర్రం పోయిందట. ఆయనకీ జ్వరమే. పాచిపెంట దగ్గర పడిపోతే సంతకెళ్ళిన మనవాళ్ళు చూసి డోలీ కట్టారు. కిందికి పోదాం దొరా అంటే పైకి తీసుకుపొమ్మన్నారట.

మోసేవాళ్ళు కంచె దగ్గరే దించారు. ఆయన లేచి, నా భుజం పట్టుకుని లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నారు. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి. వచ్చిన పని చెప్పారు. మమ్మల్ని దింపెయ్యాలని. పార్వతీపురంలో ఇల్లు చూసి ఉంచారట. ఆ పాత పంతులు భాష ఏమైపోయిందో, జ్వరంలో ఊడిపోయినట్టుంది, అందరి మాటలే మాట్లాడారు. తెరిసమ్మ చాప మీద లేచి కూర్చుని రానంది. ఆయన రమ్మన్నారు. ఆమె రానంది. ఇద్దరూ జ్వరంతో పళ్ళు కటకటలాడుతుండగానే వాదించుకున్నారు.

వాన వెలిసింది. బయట చూస్తే కంచె పొడుగునా గూడెమంతా నిలబడి ఉంది. దొర వచ్చాడంటే చూడ్డానికి వచ్చారు. ముందు వరసలో కనక, చంకలో పిల్ల.

తెరిసమ్మ అలవాటు చొప్పున పాక్కుంటూ పోయి, పొద్దుటి చోడి ముద్ద గిన్నెలో పెట్టి, ఫాదరుగారి కోసం ఎప్పుడూ తీసి ఉంచే చెంచా పక్కన పెట్టి, ఆయన ముందుంచింది. ఆయన చెంచా తీసి కింద పెట్టారు. కంచె వైపు చూశారు. కళ్ళు ఆనకపోయినా జనం ఉన్నారని తెలుస్తుంది కదా.

"నువ్వు పెట్టు. నీ చేత్తో."

తెరిసమ్మ కూడా కంచె వైపు చూసింది. "మీకు తెలుసు గదండీ, స్వామీ."

"తెలుసు."

"తింటే ఒప్పుకున్నట్టని మీరే అన్నారు."

"అన్నాను." ఆయన తల గోడకి ఆనించారు. "అలిసిపోయానమ్మా. పెట్టు."

ఆమె పిడికెడు తీసి ఆయన నోట్లో పెట్టింది. చోడి ముద్ద మింగాలి గాని నమలకూడదు. ఆ దేశంవాళ్ళకి అది తెలియదు. ఆయన నమిలారు, చాలాసేపు నమిలారు. కంచె దగ్గర ఒక్కరు కదల్లేదు. ఆయన గొంతు కదిలింది. అప్పుడు కనక కంచె తడిక తీసుకుని లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. గుమ్మం దాటి, పిల్లని తీసుకొచ్చి తెరిసమ్మ ఒళ్ళో కూర్చోబెట్టి, పొయ్యి దగ్గరికి పోయి ఆరిన నిప్పు చూసి తిట్టుకుంటూ, మాయింటి నిప్పు తెత్తానుండు అంది. ఫాదరుగారు రెండో ముద్ద కూడా అడిగి తిన్నారు. అది పద్ధతిలో లేదు. ఆకలి.

ఆయన్ని ఆ జ్వరంతో అక్కడ ఉంచలేం, వైద్యం సాలూరులోనే ఉంది. మర్నాడు తెల్లవారగానే డోలీ సిద్ధం చెయ్యబోతే అప్పుడు తట్టింది అందరికీ. అంటు ఇప్పుడు ఆయనది. నిన్న మోసుకొచ్చిన ఆ నలుగురే డోలీకి దూరంగా నిలబడి కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలున్నారు. నేను అడగలేకపోయాను. ఒక కొస నేను ఎత్తుకుంటానన్నాను. నా ఒళ్ళు చూసి ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. తెరిసమ్మ లేచి రెండో కొస పట్టుకోబోయి కూలబడింది.

ఫాదరుగారు విషయం గ్రహించి, తువ్వాలు తలకి చుట్టుకుని, కర్ర పట్టుకుని ఘాటు దోవ వైపు నాలుగడుగులు వేశారు. ఐదో అడుగుకి చెట్టు పట్టుకుని ఆగారు.

బుధు నాయుడు డోలీ చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని వెదురు కర్ర మీద గోటితో కొట్టి చూశాడు. "ఇదేటి?" అని అడిగాడు మోసేవాళ్ళని.

"ఎదురు కర్ర."

"ఎదురుకి కులముందేటి?"

నలుగురూ కర్ర వైపు చూశారు.

"దొర తనే ఎక్కుతాడు, తనే దిగుతాడు. దొరని మీరు ముట్టుకోనక్కర్లేదు. మీరు మోసేది ఎదురు కర్ర. కర్రకేటి ఏలాడుతందో మనకెందుకు? బేగి ఎత్తండి, వానొత్తంది."

అలా తీర్పయింది. ఫాదరుగారు నా భుజం పట్టుకుని డోలీలోకి ఎక్కారు. నలుగురూ కర్ర ఎత్తుకున్నారు. ముందు కొస పట్టుకున్నది నాయుడి తమ్ముడు సోములు, ఊళ్ళో పద్ధతులన్నిటికీ గట్టి మనిషి. నేను గిడుగు పట్టుకుని వెనక నడిచాను.

ఘాటు సగం దిగేసరికి వాన మళ్ళీ పట్టుకుంది. ఫాదరుగారు నిద్రపోయారో స్పృహ తప్పారో తెలియదు. మలుపు దగ్గర కాలు జారి డోలీ ఒక పక్కకి ఒరిగింది. ఆయన చెయ్యి బయటికి జారి కిందికి వేలాడింది. దోవకి రెండు వైపులా ముళ్ళ పొదలు, ఆ చెయ్యి ప్రతి పొదకీ గీసుకుంటోంది. నేను వెనక ఉన్నాను, దోవ ఇరుకు, ముందుకి పోలేను. సోములు ఆగాడు. కర్ర ఒక భుజం మీది నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. ఖాళీ చేత్తో ఆ చేతిని పట్టుకుని, మడిచి, గుండె మీద పెట్టి, దుప్పటి పైకి లాగి కప్పాడు.

కప్పాక తన చేతిని చూసుకున్నాడు. తల తిప్పి మమ్మల్నందర్నీ చూశాడు. మేమంతా వాన వంక చూస్తున్నాం. నా నోటిదాకా ఏదో చమత్కారం వచ్చింది. మింగేశాను. డోలీ కదిలింది.